బుట్టలు గుర్తున్న మనిషి

పాలపొడి డబ్బాల వరుసలో చివరిది కాస్త పక్కకు తిరిగి ఉంది. దాన్ని చూపుడువేలితో సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి, వరుసంతా ఒకసారి చూసుకున్నాడు. ప్రార్థనకు నిలబెట్టిన బడిపిల్లల్లా ఉన్నాయి డబ్బాలన్నీ. అలా నిలబెడతాడనే ఆ సూపర్ మార్కెట్లో అందరూ ఆయన్ను మాస్టారంటారు. నిజానికి ఆయన చదివింది మూడో తరగతి.

తండ్రి మంచాన పడ్డ ఏడాది బడి మానేసి మూటలు మోయడానికి వెళ్లాడు. ఆ మూటల కింద అక్షరాలు కూడా నలిగిపోయాయి. పంతొమ్మిదేళ్ల కిందట ఈ షాపులో చేరాక, అట్టపెట్టెల మీది రాతలు కూడబలుక్కుంటూ వాటిని మళ్లీ ఒక్కొక్కటే ఏరుకున్నాడు. 'తడి తగలని చల్లని చోట ఉంచండి' అన్న వాక్యాన్ని ఎక్కడా ఆగకుండా చదివిన రోజు ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. అప్పటినుంచీ అచ్చులో కనిపించిన మాటంటే ఆయనకు గురి. అంత శ్రద్ధగా అచ్చువేసినవాళ్లు అబద్ధమెందుకు వేస్తారు?

మనుషుల ముఖాలు మాత్రం ఆయనకు గుర్తుండవు. వీధిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. కానీ వాళ్ల చేతిలోని బుట్ట ఒక్కసారి చూశాడంటే చాలు, అందులో ఏమేమున్నాయో నెల తర్వాతైనా పొల్లుపోకుండా చెబుతాడు.

డబ్బాల వరుస అయ్యాక పక్క అరలోని నక్షత్రాల ప్యాకెట్ల దగ్గరికి వచ్చాడు. పసిపిల్లల చిరుతిండి అది. నోట్లో పెట్టగానే కరిగిపోయే బొరుగుల్లాంటివి, నక్షత్రాల ఆకారంలో ఉంటాయి. వాటిని సర్దుతుంటే ఆయన చేతులు కాస్త నెమ్మదిస్తాయి. పెళ్లయిన పదమూడేళ్లకు, ఆయనకు నలభై ఆరో ఏడు నడుస్తుండగా పాప పుట్టింది. ఇప్పుడు పది నెలలది. కిందటి వారం రెండు పళ్లు బయటపడగానే ఈ ప్యాకెట్లే తీసుకెళ్లి, 'మొదటి పళ్లకు మొదటి రుచి, ఏ కల్తీ లేనిది' అని భార్యకు వేలుపెట్టి మరీ చదివి వినిపించాడు.

"మాస్టారూ, ఆ నక్షత్రాలన్నీ తీసెయ్యండి." మేనేజరు చేతిలో కాగితంతో వచ్చాడు. "కంపెనీ వెనక్కి పంపమంటోంది."

"ఏమైందండీ?"

"సీసం కలిసిందట, పసిపిల్లలకు విషం. ఈ నంబరు ఉన్నవే. తలుపు మీద నోటీసు అంటిస్తున్నాను."

ఆయన ప్యాకెట్టు తిరగేసి అడుగున చూశాడు. అదే నంబరు. దాని వెనకదీ అదే. వెనక్కి చెయ్యి చాపి ఒక్కొక్కటే తీస్తుంటే, ఆయన చేత్తో ఆయనే పేర్చిన ఆ వరుసలు ఎంతకీ తరగనట్టనిపించాయి. సగంలో వదిలేసి ఫోన్ దగ్గరికి నడిచాడు.

"పాపకి నక్షత్రాలు పెట్టావా?"

"ఇదిగో, తింటోంది. ఏంటండీ ఆ గొంతు?"

"నోట్లోంచి తీసెయ్యి. ముందు తీసెయ్యి. ప్యాకెట్టు అడుగున నంబరుంటుంది, చదువు."

ఆమె చదివింది. చివరి అంకె దాకా అదే. ఆయన విషయం చెప్పాడు. అవతల పాప ఏడుపు అందుకుంది. తింటున్నదాన్ని నోట్లోంచి లాగేసుకున్నారని దాని కోపం.

"రెండు ప్యాకెట్లండీ. నా చేత్తో నేనే పెట్టాను."

"తెచ్చింది నేను కదే. మీ చెల్లెల్ని తోడు తీసుకుని ఆస్పత్రికి బయల్దేరు. నేనూ వస్తున్నా."

తలుపు దాకా వెళ్లాక ఒక బుట్ట ఆయన కళ్ల ముందు నిలబడింది. ఎనిమిది నక్షత్రాల ప్యాకెట్లు, రెండు డజన్ల అరటిపళ్లు, నేల తుడిచే మందు. నిన్న పొద్దున కొన్నది. రెండు వీధుల అవతల ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రంలోని ఆయమ్మ బుట్ట అది. రోజూ పదిన్నరకు పిల్లలకు చిరుతిండి పెడతామని ఒకసారి ఆమే చెప్పింది. గోడ గడియారంలో పదీ పదిహేను. ఆయన చెప్పగానే క్యాషియరమ్మాయి అక్కడికి రెండుసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు.

ఆస్పత్రి కుడివైపు. కేంద్రం ఎడమవైపు. ఆయన గడపలో ఒక్క క్షణం ఆగి ఎడమవైపు తిరిగాడు. మూటలు మోసిన రోజులనాటి మోకాలి నొప్పి సగం దారిలోనే మొదలైంది. అయినా పరుగు ఆపలేదు.

వెళ్లేసరికి పిల్లలంతా చిన్న కుర్చీల్లో వరుసగా కూర్చుని గిన్నెలు వాయిస్తున్నారు. ఆయమ్మ అప్పుడే వడ్డిస్తోంది.

"అమ్మా, పెట్టొద్దు! నక్షత్రాలు పెట్టొద్దు!"

ఏప్రాన్‌తో, చెమటలు కక్కుతూ అరుస్తున్న మనిషిని చూసి ఆమె గిన్నెను గుండెలకు అదుముకుంది. ఆయన ఆయాసం ఆపుకుంటూ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆమె గబగబా గిన్నెలన్నీ లాగేసింది. పిల్లలు ఒక్కసారిగా రాగం అందుకున్నారు. చివరి కుర్చీలోని పిల్ల మాత్రం గుప్పిట్లో దాచుకున్న ఒక నక్షత్రాన్ని ఆయన నోటికి అందించబోయింది. ఆయన వంగి, నోరు తెరిచినట్టే తెరిచి, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవాళే మొదటిసారి తెరిచాం బాబూ," అంది ఆయమ్మ. "ఒక్కటి కూడా ఎవరి నోట్లోకీ పోలేదు."

అక్కడి ఫోన్ నుంచే మరదలి నంబరుకు చేశాడు. భార్యే ఎత్తింది.

"ఇప్పుడే వచ్చాం. వేలి చివర చుక్క రక్తం తీస్తారట. సాయంత్రానికి చెబుతారు. మీరెక్కడున్నారు?"

చెప్పాడు. తిడుతుందనుకున్నాడు.

"ఇక్కడికొచ్చి మీరు చేసేదేం లేదు. కూర్చుని ఇద్దరం ఏడవడమే. ఇంకా ఎవరెవరు కొన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ముందు వాళ్లకి చెప్పండి."

షాపులో మేనేజరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "పని మధ్యలో వదిలేసి పోతే ఎలా మాస్టారూ? నోటీసు పెట్టాం కదా?"

"నోటీసు చదవాలంటే వాళ్లు షాపుకి రావాలి కదండీ. అప్పటిదాకా పిల్లలు తింటూనే ఉంటారు."

పంతొమ్మిదేళ్లలో ఆయన ఎదురుచెప్పడం అదే మొదలు. మేనేజరు చేతిలోని కాగితం మడతపెట్టాడు, విప్పాడు. కుర్చీ లాగి, "కూర్చోండి. ఎవరెవరో చెప్పండి," అన్నాడు.

ఆయన కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో సైజు డైపర్లు, చక్కెర లేని కాఫీ. పిల్లికి తిండి, రెండు నిమ్మకాయలు. క్యాషియరమ్మాయి ఆ బుట్టల బిల్లులు వెతికి పట్టుకుని, ఎప్పుడూ కొనేవాళ్లకిచ్చే షాపు కార్డుల వివరాల్లోంచి ఫోన్ నంబర్లు తీసింది. ఆయన ఒక తెల్లకాగితం మీద ఒక్కో బుట్టా రాసుకున్నాడు. డబ్బాల మీద చూసి నేర్చుకున్న చేతిరాత కదా, అచ్చు గుద్దినట్టే ఉంది. వార్త అందినవాళ్ల వరుస మీద గీత కొట్టాడు. ఒకావిడ ఫోన్లోనే ఏడ్చేసింది. ఒకాయన విసుక్కుని పెట్టేసి, రెండు నిమిషాల్లో తనే మళ్లీ చేసి నంబరు ఇంకోసారి చెప్పమన్నాడు. పదమూడు గీతలు పడ్డాయి. ఒక్క వరుస మిగిలింది.

ప్రతి ఫోనుకూ మధ్య ఆయన చూపు తలుపు వైపు పోతూనే ఉంది.

నాలుగు దాటాక ఆ తలుపులోంచి భార్య వచ్చింది. చంకలో పాప, దాని వేలికి దూది పట్టీ. ఆమె ముఖం చూడటానికి ధైర్యం చాలక ఆయన ఆ పట్టీనే చూస్తూ నిలబడ్డాడు.

"తక్కువే ఉందటండీ," అంది ఆమె. "భయపడేదేం లేదన్నారు. ఇక అది పెట్టొద్దన్నారు. నెల తర్వాత ఇంకోసారి చూస్తారట."

పాప ముందుకు వంగి ఆయన ముక్కు పట్టుకుని, తన రెండు పళ్లతో అందినచోట కొరికింది.

"అబ్బా!" అన్నాడు. అందరూ నవ్వారు. క్యాషియరమ్మాయి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇక ఇంటికెళ్లండి మాస్టారూ," అన్నాడు మేనేజరు. "రేపు ఆలస్యంగా రండి."

డ్యూటీ ముగియకముందే ఆయన ఇంటికి వెళ్లడం కూడా అదే మొదలు. పాపను భుజానికెత్తుకుని, కుంటుకుంటూ, భార్య వెనకే బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, "అమ్మాయ్, ఆ మిగిలిన ఒక్క బుట్టవాళ్లకి షాపు కార్డు లేదు. కాస్త కనిపెట్టుకుని ఉండు," అన్నాడు.

"ఇక్కడే కూర్చుంటా మాస్టారూ, తలుపు మీంచి కన్ను తియ్యను," అంది ఆ అమ్మాయి.

ఫోన్ పక్కన ఆ కాగితం అలాగే ఉంది. దాని మీద మూత తీసిన పెన్ను, పెన్ను కింద గీత పడని ఒక్క వరుస: ఎర్ర గొడుగు, నక్షత్రాల ప్యాకెట్లు మూడు, పసిపిల్లల మేజోళ్లు ఒక జత.