ప్లగ్గు లేని చోటు

డబ్బాలోంచి బియ్యంలోకి నీళ్ళు వంపుతూ కమల వ్యాను కప్పు వైపు గుర్రుగా చూసింది. పైన సోలార్ పలక, దాని పైన ఆకాశం నిండా మబ్బు. నిన్నటి నుంచీ ఎండపొడ లేదు. ఫోన్లో కూతురు శ్రావ్య పోరు మాత్రం ఆగలేదు.

"అమ్మా, ప్లీజ్! కరెంటు ప్లగ్ ఉన్న క్యాంపు సైట్ బుక్ చేస్తా, అక్కడికి వెళ్ళండి."

"మీ నాన్న వద్దన్నారు. అంతే" అని కమల ఫోన్ పెట్టేసింది.

వాటర్‌ఫోర్డ్‌లో ఈ పరాయిదేశపు ఆసుపత్రిలో వార్డులు తుడవడం కమల ఉద్యోగం. పోయిన నెలంతా మొగుడి మంచం కింద కూడా తనే తుడిచింది. యుగంధర్ ఒంటి నుంచి గోడకి ఒకటే వైర్లు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పిన రోజున అతను భార్య చెయ్యి పట్టుకుని, "నన్నీ గోడ నుంచి ఊడదియ్యవే. ఏ ప్లగ్గూ లేని చోటికి తీసుకుపో" అన్నాడు.

బస్సు గ్యారేజీలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో అతను తన చేత్తో బిగించుకున్న వ్యాను అది. ఏళ్ళ తరబడి ఇద్దరి డ్యూటీలూ కలవక సూపర్‌మార్కెట్ దాటి ఎక్కడికీ పోలేదు పాపం. అంత పెద్ద బండి ముట్టుకోని కమల, డ్యూటీ దిగాక ఖాళీ కార్ పార్కులో తిప్పి తిప్పి నేర్చుకుంది. ఒకసారి చెత్తడబ్బాని గుద్దింది కూడా. అయినా వదిలిందా? సముద్రం ఒడ్డున, ఊరి కౌన్సిల్ వాళ్ళ ఖాళీ జాగాలో తెచ్చి ఆపింది. కుక్కతో వెళ్తున్న ముసలాయన "యూ ఆర్ గ్రాండ్ దేర్" అని, అక్కడ ఆపుకుంటే ఏం ఫర్వాలేదన్నట్టు చెయ్యూపి పోయాడు.

గ్యాసు మీద అన్నం ఉడికింది. వెనక తలుపులు బార్లా తెరిపించుకుని దిళ్ళకి ఆనుకున్న యుగంధర్, నాలుగు రోజులుగా గంజి తప్ప ముట్టనివాడు, "వేరుసెనగ పచ్చడి చేస్తావటే?" అన్నాడు.

చెయ్యదా మరి! గబగబా పల్లీలు, మిరపకాయలు వేయించి మిక్సీ నొక్కింది. అది గిర్రుమని, ఇన్వర్టర్ కీచుమని అరిచి, అన్నీ చచ్చూరుకున్నాయి. మబ్బు పట్టిన రోజున దీపాలకే చాలని బ్యాటరీ, తెలుగువాళ్ళ పచ్చడికి ఎక్కడ చాలుతుంది?

యుగంధర్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "బిగించింది నేనే. నన్నే తిట్టు."

కమల సీటు కిందనుంచి చిన్న రాతి రోలు లాగింది. బరువు దండగని శ్రావ్య రెండుసార్లు దింపితే రెండుసార్లూ తిరిగి ఎక్కించిన రోలు. దాన్ని ఒడ్డుగోడ మీద పెట్టి నూరడం మొదలెట్టింది.

"అయిందా?"

"ఉండండి, ఇంకా మెదగాలి."

"మెదపకు. పలుకుగా ఉండనీ. మిక్సీ కొన్నాక ఆ రుచే లేదు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"డ్యూటీ చేసి ఉసూరుమంటూ వచ్చేదానివి. ఎట్లా చెప్పను?"

కమలకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. పలుకుగానే తీసి, వేడి అన్నంలో నెయ్యేసి కలిపి, నోట్లో ముద్ద పెట్టింది. అతను కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఇదే. ఇంకో ముద్ద పెట్టు."

ఆమె ఇంకాస్త పచ్చడి కోసం గోడ దాకా వెళ్ళి వచ్చింది. అతను సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. పిలిచినా ఇటు తిరగలేదు. కమల అతని పెదవి మీది మెతుకు తుడిచి, చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుని, శ్రావ్యకి ఫోన్ చేసింది.

"నాన్న వెళ్ళిపోయారే... లేదమ్మా, బాధపడలేదు. అన్నం అడిగి తిన్నారు."

అంబులెన్సు వచ్చింది, శ్రావ్య వచ్చింది. సాయంత్రానికి వ్యాను కూడా వెళ్ళిపోయింది. ఒడ్డుగోడ మీద, సన్నటి తుంపరలో, సగం మెదిగిన పచ్చడితో రోలు ఒక్కటే ఉండిపోయింది.