దినేశన్న జీపు, దినేశన్న కన్నీళ్ళు

బుగ్గారంలో ఆ జీపును మొదటిసారి చూసిన రోజు దాని డ్రైవర్ సీట్లో ఒక కోడి గుడ్ల మీద పొదిగి ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. లేవాల్సినంత గొప్పవాళ్ళం దానికి కనిపించలేదు. ఈ పాతికేళ్ళలో ఆ జీపును అంత బాగా వాడుకున్నవాళ్ళు మరెవరూ లేరు.

"ఫోర్ బై ఫోర్, చెల్లే. ఒరిజినల్. మా తాతది," అన్నాడు దినేశన్న, బానెట్ మీద చెయ్యి వేసి. బానెట్ కొంచెం లోపలికి పోయింది.

దినేశన్న బుగ్గారం దొరల ఇంటి పురుషోత్తం రావు గారి కొడుకు. వాళ్ళ తాత ఈ జీపు ఎక్కి ఊళ్ళ మీద పెత్తనం చేసేవాడట. ఒకనాడు జనం తిరగబడితే ఇంటిల్లిపాదీ జగిత్యాలకు మకాం మార్చారు, జీపు పశువుల కొట్టంలో ఉండిపోయింది. ఇప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు బంద్, బడులు బంద్. మనవడికి జనంలోకి రావాలనిపించింది. కాళ్ళతో రావచ్చు. కానీ కాళ్ళ మీద నిలబడితే వెనకున్నవాళ్ళకు కనిపించడు కదా.

"ఓపెన్ టాప్ చెయ్యాలె. ఎనక నిలవడి పట్టుకోనీకి పైపులు. పెద్ద టైర్లు. మొత్తం ఆఫ్ రోడింగ్ లుక్ రావాలె."

"ఆఫ్ రోడింగ్ కోసం గింత ఖర్చెందుకన్నా? రాయికల్ రోడ్డు గుంతల మీద పోతె సరిపాయె."

ఆయన నవ్వలేదు. దినేశన్నకు జోకులు ఆలస్యంగా కూడా అర్థం కావు.

నా పేరు మిస్బా. మెకానికల్ డిప్లొమా చేశాను. కోరుట్లలో మా ఇంటి ముందున్న రేకుల షెడ్డే మా వెల్డింగ్ షాపు. బోర్డు మీద మా అబ్బా ఇబ్రహీం పేరుంటుంది, లోపల నేనుంటాను. గేట్లు, గ్రిల్లులు, కూలర్ స్టాండ్లు ఎన్నయినా ఇస్తారు. బండి మాత్రం ఎవరూ ఇవ్వరు. అబ్బాకు నడుము పట్టేసి బండి కింద పడుకోవడం మానేశాడు. ట్రాక్టర్ ట్రాలీ తెచ్చినవాళ్ళు నన్ను చూసి "మీ అబ్బా లేడా బిడ్డా?" అంటారు. "నేను చేస్త" అంటే "మళ్ళొస్తం తియ్యి" అంటారు. మళ్ళీ రారు. గేటు ఊడితే ఎవరూ చావరు, బండిని మోసే చాసీ విరిగితే చస్తారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. అర్థమవుతుంది కాబట్టే ఇంకా మండుతుంది.

నాక్కావలసింది ఒక్క బండి. నన్ను చూసి, నా చేతిని నమ్మి, ఎవరైనా తాళంచెవి ఇచ్చే ఒక్క బండి. అది సిరిసిల్లలో దొరుకుతుందని నా లెక్క. అక్కడ మరమగ్గాలకు నూలు, నూలు చుట్టిన బీములు మోసే ట్రాలీ ఆటోలు వీధికి పది. అవి మోసే బరువుకు ఏదో ఒకటి రోజూ పగులుతుంది.

దినేశన్న ఈ జీపెక్కి పోయి మాట్లాడబోయే సభ కూడా సిరిసిల్లలోనే. అందుకే ఆయనకు ఒక షరతు పెట్టాను. "సిరిసిల్ల సభల మైకు పట్టుకుంటవు గదా అన్నా. గీ జీపు చాసీ కాంచి చేసింది కోరుట్ల మిస్బా అని ఒక్క మాట చెప్పాలె."

"ఒక్కసారేంది చెల్లే, పదిసార్లు చెప్త!"

పదిసార్లు చెప్తానన్నవాడు ఒక్కసారి కూడా చెప్పడని డిప్లొమాలో నేర్పరు.

జీపు మా షెడ్డుకు వచ్చింది. స్క్రూడ్రైవర్‌తో చాసీని పొడిస్తే అప్పడంలా విరిగింది. దినేశన్న చూసి, "లప్పం పెట్టి రంగు కొట్టు. కిందికి ఒంగి ఎవడు జూస్తడు?" అన్నాడు.

అబ్బా కూడా అదే అన్నాడు. "లప్పం అడిగితె లప్పం పెట్టు బేటీ. దొరల బండికి మనమెందుకు ప్రాణం పెట్టుడు?"

"పది మంది ఎక్కి నిలవడుతరు అబ్బా. లప్పం మోస్తదా?"

కుళ్ళిన భాగమంతా కోసి పారేశాను. మందం రేకు కోసి, వంచి, కొత్త ముక్కలు చేసి అతికాను. బొగ్గు గనుల వాళ్ళూ సమ్మెలో ఉన్నారు, కరెంటు చుట్టంలా వచ్చిపోయేది. వచ్చినప్పుడల్లా జీపు కింద పడుకునేదాన్ని. దినేశన్న మాత్రం కరెంటు లేనప్పుడే వచ్చేవాడు. ఆగిపోయిన గ్రైండర్ పట్టుకుని ఫోటో దిగి, ఫేస్‌బుక్‌లో "మై హ్యాండ్స్, మై తెలంగాణ" అని పెట్టుకునేవాడు. గ్రైండర్‌ను తలకిందులుగా పట్టుకున్నాడని ఒక్కరూ కామెంట్ పెట్టలేదు.

జీపు లేచి నిలబడింది. సభ కూడా దగ్గరపడింది.

ఆ రోజుల్లో ఒక్కొక్క పనివాళ్ళు ఒక్కొక్క రోజు తమ పనిని నడిరోడ్డు మీద చేసి నిరసన తెలిపేవాళ్ళు. సెలూన్ల వాళ్ళు రోడ్డు మీద గడ్డాలు గీశారు. ఇస్త్రీ వాళ్ళు బొగ్గుల పెట్టెలు తెచ్చి ఇస్త్రీ చేశారు. పంతుళ్ళు రోడ్డు మీద ఎక్కాలు చెప్పారు. వంటావార్పులో నేనూ కూర్చుని తిన్నాను, నినాదాలిచ్చాను, గొంతు పోయింది. తెలంగాణ రావాలని నాకూ ఉంది. దినేశన్న రావాలని మాత్రం లేదు.

సభ రోజు పొద్దున కోరుట్ల చౌరస్తాలో వెల్డింగ్ వాళ్ళ వంతు. జనరేటర్ పెట్టారు. నడిమధ్యన ఎర్రగా మెరుస్తూ మా జీపు. దానికి జెండా కర్ర నిలబెట్టే గొట్టం ఒక్కటి మిగిలింది. అది దినేశన్న తన చేత్తో అతుకుతాడని మైకులో చెప్పారు. నేను రాడ్ ఎట్లా పట్టాలో చూపించి, ముఖానికి అడ్డం పెట్టుకునే నల్ల అద్దం షీల్డు ఇచ్చాను.

పేపరు విలేకరి జనార్దన్ కెమెరా దించాడు. "అన్నా, గది అడ్డం పెట్టుకుంటె ముఖం ఏడ కనవడ్తది? ఎవరో వెల్డింగోడు అనుకుంటరు."

ఎవరో వెల్డింగోడు అనుకోవడమంత అవమానం దినేశన్న పడలేడు. షీల్డు నా చేతికే ఇచ్చి జేబులోంచి చలువ కళ్ళద్దాలు తీశాడు.

"అన్నా, గవి పనికిరావు. కండ్లు పోతయి."

"పోలరైజ్డ్ చెల్లే ఇవి."

"సూర్యుడు గిట్ల బెత్తెడు దూరంల ఉంటడా అన్నా?"

"జరుగు జరుగు, లైట్ పోతది," అన్నాడు జనార్దన్.

దినేశన్న రాడ్ అంటించాడు. భగ్గుమంది. తదేకంగా చూస్తూ నవ్వాడు. ఇంకో పేపరు వాళ్ళు వస్తే మళ్ళీ అంటించాడు. టీవీ వాళ్ళు వస్తే మళ్ళీ. అది అతుకు కాదు, పక్షి రెట్ట. వాళ్ళంతా వెళ్ళాక ఊడగొట్టి నేను మళ్ళీ అతికాను.

మధ్యాహ్నం సిరిసిల్లకు బయలుదేరాం. దారిలో బండికి ఏమైనా అయితే చూడటానికి అబ్బా, నేను వెనక కూర్చున్నాం. దినేశన్న డ్రైవింగ్. కథలాపూర్ దాకా పాడుకుంటూ నడిపాడు. రుద్రంగిలో కళ్ళు నలుముకున్నాడు. వేములవాడ వచ్చేసరికి బండి పక్కకు ఆపేశాడు.

"చెల్లే, కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది. నాకేమన్న అయితదా? గుడ్డోన్నయితనా?"

"కావు. వెల్డింగ్ వెలుగు కొట్టిన ఆరేడు గంటలకు గిట్లనే మండుతది. రేపటికి తగ్గుతది. అప్పటిదాక ఏడుస్తనే ఉంటవు."

అబ్బా సంచిలోంచి గులాబ్ జల్ సీసా తీసి ఆయన కళ్ళలో చుక్కలు వేశాడు. చిన్నదొర మా అబ్బా ఒళ్ళో తల పెట్టి "అమ్మా" అన్నాడు. స్టీరింగ్ నేను తీసుకున్నాను. సిరిసిల్ల మొదట్లో, ఎట్లాగూ అక్కడ నిలబడాల్సినవాడే కాబట్టి, దినేశన్న లేచి వెనక పైపులు పట్టుకుని నిలబడ్డాడు. సిరిసిల్ల జనం చూసింది అదే. ఎర్ర జీపు, గులాబీ జెండా, మీద నిలబడి ధారగా ఏడుస్తున్న నాయకుడు.

స్టేజీ ఎక్కేసరికి ఆయన కళ్ళు టమాటాల్లా ఉన్నాయి. మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరవకముందే ముందు వరుసలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక వరుసల వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆ క్షణంలో తన కళ్ళ విలువ ఆయనకు తెలిసిపోయింది. నేను చూస్తుండగానే తెలిసిపోయింది. తుడుచుకోవడానికి తీసిన రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"గీ కన్నీళ్ళు నాయి గావు! నాలుగు కోట్ల ప్రజలవి!"

జై తెలంగాణ అని హోరు.

"గీ జీపు తుక్కు తుక్కు అయి ఉండె. మన తెలంగాణ లెక్కనే. గీ చేతులతోని, ఒక్కొక్క అతుకు నేనే వెట్టిన!"

నేను స్టేజీ పక్కన నిలబడి నా పేరు కోసం విన్నాను. ప్రసంగం అయిపోయేదాకా విన్నాను. ఆయనకు నేతన్నలు గుర్తొచ్చారు, రైతన్నలు గుర్తొచ్చారు. నేను రాలేదు.

"పోనీ బేటీ," అన్నాడు అబ్బా.

దినేశన్న స్టేజీ దిగి వస్తుంటే జీపు దగ్గర జనం మూగారు. జీపు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి, వెండి కడియాలతో. ఒకామె బయటికి జరిగి లేచి, చీర దులుపుకుంది. తంగళ్ళపల్లి భూదేవి అట. నూలు మోసే ట్రాలీ ఆటో సొంతంగా నడుపుతుందని పక్కనున్నవాళ్ళు చెప్పారు.

"అన్నా, గీ చాసీ నువ్వే అతికినవా?" అని దినేశన్నను అడిగింది.

"నా చేతులతోని, అక్కా."

"మంచిగున్నది. గని బెత్తెడు అతికి బెత్తెడు ఇడిసిపెట్టినవు. మొత్తం ఒక్కతీరుగ ఎందుకు గుంజలే?"

దినేశన్న ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. "కరెంటు కోత అక్కా! నేను రాడ్డు అంటిచ్చినప్పుడల్ల ఆంధ్ర పాలకులు కరెంటు కోసిండ్రు!"

మళ్ళీ జై తెలంగాణ. భూదేవి మాత్రం అనలేదు.

"బెత్తెడు బెత్తెడుకు కొలిచి కోసిండ్రా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంతమంది మధ్య, ఆయన కోసం కళ్ళు తుడుచుకున్నవాళ్ళ మధ్య, నోరు తెరవాలా వద్దా? కానీ ప్రశ్న నా పని మీద వేసింది. నా పని మీద ఎవరైనా ప్రశ్న వేయడం అదే మొదటిసారి.

"ఒక్కతీరుగ గుంజితె ఇనుము కాగి చాసీ వంకర పోతదక్కా," అన్నాను. "గందుకే జర ఈడ, జర ఆడ అతికిన. నడుమ సల్లారనిచ్చిన."

అందరూ నావైపు తిరిగారు. దినేశన్న నా గొంతు వచ్చిన దిక్కుకు తిరిగి, ఏమీ కనిపించక పక్కనున్నాయన భుజం తట్టాడు. "మా చెల్లె. నా కాడ పని నేర్చుకుంటది."

"నీ కాడ నేర్చుకున్నదా?" అంది భూదేవి.

"ఔ."

"మరి నీకు రాలేదేంది?"

ఈసారి చాలామంది నవ్వారు. దినేశన్న మనుషులు ఆయన్ను రెక్క పట్టుకుని కారు వైపు నడిపించారు. ఆయన ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు, పాపం, ఆపుకునే వీలు లేదు.

భూదేవి నన్ను సందులోకి తీసుకుపోయింది. ఒక మగ్గాల షెడ్డు ముందు ఆమె ట్రాలీ. వంగి చూశాను. చాసీ మీద వెంట్రుకంత పగులు, వెనక చక్రాల దగ్గర.

"పేరేంది బిడ్డా?"

"మిస్బా."

"మీ అబ్బా చేస్తడా, నువ్వా?"

"నేనే."

ఆమె అబ్బా వైపు చూడలేదు. నన్నే చూసింది. "గిది నేనే నడుపుత. బీములెత్తినంక విరిగితె పడేది నేనే."

"విరగది."

"విరిగితె కోరుట్లకొస్త."

"రాండ్రి. మా ఇల్లు ఎవరన్నా చూపెడ్తరు."

తాళంచెవి నా చేతిలో పెట్టింది. షెడ్డు వాళ్ళ మిషన్ అడిగి తెచ్చుకుని, కరెంటు ఉన్నంతలో పని ముగించాను. అబ్బా నేల మీద కూర్చుని ఎర్త్ క్లిప్పు పట్టుకుని, "ఇంకేం కావాలె మేస్త్రీ?" అని అడుగుతూనే ఉన్నాడు. మర్నాడు పేపర్లో దినేశన్న ముఖం సగం పేజీ ఉంది, కన్నీటి చుక్క సైతం కనిపించేట్టు.

ఆ ట్రాలీ విరగలేదు. సమ్మె ముగిశాక తంగళ్ళపల్లి నుంచి ఇంకో ట్రాలీ వచ్చింది. దాని వెనకే సిరిసిల్ల నుంచి ఒక డీసీఎం వ్యాను వచ్చింది. డ్రైవర్లు "మిస్బా ఎవలు?" అని అడిగి, నన్ను చూపిస్తే తాళం ఇచ్చారు.

దినేశన్న కూడా ఒకరోజు వచ్చాడు. షెడ్డులో ఎవరూ లేరని చూసుకుని స్టూల్ మీద కూర్చున్నాడు.

"ఎల్లుండి జగిత్యాలల సభ ఉన్నది, చెల్లే."

"మంచిదన్నా."

"మొన్నటి సంది ఎంత మాట్లాడినా జనం గట్ల ఏడుస్తలేరు." గొంతు తగ్గించాడు. "మల్ల అట్లనే కన్నీళ్ళు రావాలంటె గీ వెల్డింగును ఎంతసేపు జూడాలె? జర తక్కువ జూస్తె మంట లేకుంట నీళ్ళు మాత్రం వస్తయా?"

డిప్లొమాలో ఏ పరీక్షలోనూ రాని ప్రశ్న.

"ఈసారి మైకుల నీ పేరు చెప్త. అమ్మతోడు. మొట్టమొదలు నీ పేరే."

ఒకప్పుడు ఈ మాట కోసమే నేను జీపు కింద పడుకున్నాను. ఇప్పుడు డీసీఎం కింద పడుకుని ఉన్నాను.

"వద్దన్నా. నీ నోట్లెకెళ్ళి నా పేరు వస్తె ఉన్న గిరాకి పోతది."

ఆయన కదల్లేదు. షీల్డు ఒకటి ఆయన వైపు జరిపాను. "పట్టుకో. లేకుంటె అటు తిరుగు. అంటిస్తున్న."

ఆయన షీల్డు ముట్టుకోలేదు, తిరగలేదు. స్టూల్ ఇంకొంచెం ముందుకు జరుపుకుని, కళ్ళు పెద్దవి చేసి కూర్చున్నాడు.

నేను రాడ్ పక్కన పడేసి, ఎంత చూసినా కన్నీళ్ళు రప్పించని గ్రైండర్ తీసుకున్నాను. ఆయన లేచి పోయేదాకా, గీకాల్సిన అవసరం లేని చోట కూడా గీకుతూనే ఉన్నాను.