రోజుకో లీటరు గేదె పాలు

మా అమ్మ నూకాలు నా పేరు మరిచిపోకూడదని రోజుకో లీటరు గేదె పాలు కొన్నాను. ఆ ఆలోచన మా చెల్లెలి మొగుడు ఎల్లారావుది.

"ఫోన్లో సూసేను బావ. పాలూ పెరుగూ తింతే ముసిలోల్లకి మతిమరుపు రాదంట. నువ్వూ తాగు, నీకున్నదే అంతంత మాత్రం," అన్నాడు.

సీతమ్మధారలో డాక్టరమ్మని అడిగాను. "కొంత మేలు ఉండొచ్చంటున్నారు, ఇంకా తేలలేదు. ఇప్పుడు పట్టించినంత మాత్రాన పోయిన జ్ఞాపకం తిరిగి రాదు," అంది. చదువుకున్నవాళ్లు ఏదీ తేల్చరు. నేనే తేల్చుకున్నాను.

పొద్దున్నే పాలు కాచి, మూతపెట్టి, పోర్టులో పనికి పోయేవాణ్ణి. సాయంత్రానికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. తాగుతోందని సంబరపడ్డాను. అయినా నెల తిరిగేసరికి చెల్లి పేరు పోయింది. నా పేరు వెతుక్కుని వెతుక్కుని చెప్పేది.

ఒకరోజు మా మల్కాపురం సందులో వెనకింటి మదీనా బీ ఆపింది.

"మీ అమ్మ రోజూ మాకు పాలు తెచ్చి పోస్తోంది బేటా. వద్దంటే, వాడిక మానేస్తారా అని కోప్పడుతోంది. నువ్వే పంపిస్తున్నావనుకున్నా."

అమ్మ ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి రోజువారీ వాడిక పాలు పోసింది. పోయడం ఒక్కటే గుర్తుండిపోయినట్టుంది.

మర్నాడు పని మానేసి, గ్లాసుతో ఎదురుగా కూర్చున్నాను.

"తాగమ్మా."

"పాలమ్ముకునేవోలం, మనవే తాగీసితే ఎలాగ బాబూ?"

"నానెవులో సెప్పు."

నా మొహంలోకి చూసింది. పేరు దొరకలేదు. గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది మా పైడిగాడికి. సదువు మాన్పించీసి క్యాన్లు మోయిత్తన్నాను గుంటడి సేత. పాలైనా తాగనీ."

ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించింది. ఎందుకు మాన్పించావని ఎన్నిసార్లు దెబ్బలాడినా ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. ఇప్పుడు నన్ను ఎవరో దారినపోయేవాడనుకుని చెబుతోంది.

"పైడిగాడు తాగీసినాడు," అన్నాను. "ఇది నీ వంతు."

"నిజివేనా?"

"నా కళ్లతో సూసేను."

నమ్మింది. రెండు గుక్కలు తాగి, మిగతా పాలు చెంబులోకి వంపుకుని, వాడిక ఇళ్లకి వేళయిపోతోందంటూ వీధిలోకి నడిచింది. దారి తప్పుతుందేమోనని నేను వెనకే వెళ్లాను.