రంగి పాలు చేపని పూటలు

నవనీతకృష్ణన్ సెలవు పెట్టింది పడుకోవడానికే, అందులో దాపరికం ఏమీ లేదు. తిరుప్పూరు బనియన్ కంపెనీలో పదకొండేళ్లుగా షిప్‌మెంటు, షిప్‌మెంటు అని ఫోన్లో అరిచి అరిచి గొంతు అరగదీసుకున్న మనిషి. కారమడై పక్కన సొంతింట్లో, వరండాలో చాప పరుచుకుని, వారం రోజులు అన్నానికి తప్ప లేవనని భార్య చారులతకు ముందే చెప్పేశాడు. ఆమెకు బ్యాంకులో అరపూట సెలవు కూడా దొరకదు. "సరి" అని ఊరుకుంది.

సోమవారం పొద్దున కాఫీ ఇంకా సగం గ్లాసులో ఉండగానే వాళ్లమ్మ చెన్నమ్మాళ్ పట్టుచీర కట్టుకుని, సంచీ పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"మదురైకి పొయ్యొస్తా కన్నూ. అక్కను చూసి ఆరేండ్లాయె. శనివారం వచ్చేస్తా. నువ్వు ఎట్లా ఇంట్లోనే ఉండావు, రంగిని చూసుకో."

రంగి అంటే ఆవు. ఈనిన వారానికే దూడ పోయింది. అప్పట్నుంచి చెన్నమ్మాళ్ పక్కన కూర్చుని మాట్లాడితేనే పాలు చేపుతుంది. అందుకే ఈమధ్య ఆవిడ ఇల్లు కదలలేదు. మదురైలో అక్కకు ఎనభై దాటాయి, చూపు మందగిస్తోంది, రమ్మని ఫోను మీద ఫోను. అలాంటప్పుడు వద్దనడానికి నోరెలా వస్తుంది? పైగా మనవాడు, "చిన్నప్పుడు నేను పితకలేదా ఏమి" అంటూ దర్జాగా తలూపేశాడు. ముప్పై ఏళ్ల నాటి సంగతి అది.

"నేను చూసుకుంటాను అప్పా" అంది కూతురు యువరాణి తమిళంలో. ఏడో తరగతి.

"నువ్వు పోయి చదువుకో" అని అతనూ తమిళంలోనే కసిరాడు.

సాయంత్రం చెంబు పట్టుకుని కూర్చున్నాడు. రంగి మెడ తిప్పి చూసింది. తప్పు కుట్టు దొరికినప్పుడు కంపెనీలో బయ్యరు చూసే చూపు అది. పొదుగు నిండుగా ఉంది, చుక్క దిగదే! కంపెనీ అలవాటు కొద్దీ తమిళంలోనే బతిమాలాడు, బుజ్జగించాడు, తవుడు పెట్టాడు. తవుడు తిని కాలు ఝాడించింది. చెంబు ఎగిరి పేడలో పడింది.

"నన్ను చూడొద్దు. ఆవు నాకు దూరం నుంచే పరిచయం" అంది చారులత.

మంగళవారం తెల్లవారగానే పక్కింటి పళనిసామిని పిలుచుకొచ్చాడు. ఆ చేతులు తాకని ఆవు ఆ వీధిలో లేదు. పళనిసామి గంగడోలు నిమిరాడు, తమిళంలో ముద్దుగా ఏదో పాట కూడా ఎత్తుకున్నాడు. మోకాలి మీద ఒకటి తగిలించుకుని లేచాడు.

"మీ ఇంటి మాట తప్ప దీనికి చెవికెక్కదు. మీ అమ్మను పిలిపించు. ఇంకొక పూట ఇలాగే ఉంటే పొదుగు వాస్తుంది" అని తమిళంలో చెప్పి కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటి మాటంటే అమ్మ గొంతే కదా, ఫోన్లో వినిపిద్దామా అనుకున్నాడు నవనీతకృష్ణన్. కానీ రంగి మొండికేసిందని తెలిస్తే చాలు, ఆవిడ వచ్చే బస్సుకే ఎక్కేస్తుంది. అక్కాచెల్లెళ్లు కలుసుకుని ఒక్క రోజే అయింది. మళ్లీ ఎప్పుడు కలుస్తారో, అసలు కలుస్తారో లేదో. సాయంత్రం దాకా ఫోను తీయడం, జేబులో పెట్టుకోవడం, ఇదే పని. చాప చుట్టింది చుట్టినట్టే ఉంది.

సాయంత్రానికి పొదుగు గట్టిపడింది. ఇక లాభం లేదని అమ్మ నంబరు తీశాడు. అప్పుడే బడి నుంచి వచ్చిన యువరాణి పుస్తకాల సంచీ అక్కడే పడేసి, చేతులు కడుక్కుని, చెంబు అందుకుంది.

"ఏమే రంగీ, కోపమా? అవ్వ ఊరికి పొయ్యింది, వచ్చేస్తుందిలే. ఇట్ల తిరుగు. కాలు ఎనక్కి పెట్టు నా తల్లి. నొప్పిగా ఉండాదా? అయిపొయ్య, అయిపొయ్య."

అచ్చం చెన్నమ్మాళ్ మాట్లాడే తెలుగు, ఆ సాగదీత కూడా అదే. రంగి పెద్దగా ఊపిరి వదిలి కాలు వెనక్కి పెట్టింది. చెంబులో సర్రు సర్రుమని చప్పుడు మొదలైంది. నవనీతకృష్ణన్‌కు ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఫోను మోగింది. చెన్నమ్మాళే.

"రంగి చేపిందా?"

"చేపిందమ్మా. పాప పితుకుతా ఉండాది."

"పాపే గదా పితకాల. దానికి అంతా చెప్పే వచ్చినా."

"మరి నన్ను చూసుకోమంటివే?"

"నీకు చెప్పకపోతే నొచ్చుకుంటావని అంటిని. సరి, అక్క ఇంకో నాలుగు దినాలు ఉండమంటా ఉండాది. ఉండేదా?"

"ఉండమ్మా. పది దినాలుండు."

ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగాడు. "నీకు ఇంత తెలుగు వచ్చా? నాతో ఒక్క మాట మాట్లాడలేదే" అని తమిళంలోనే అడిగాడు.

"నువ్వు నాతో ఎప్పుడన్నా తెలుగులో మాట్లాడినావా అప్పా?" అంది యువరాణి, తల ఎత్తకుండానే.

నిజమే. బడిలో వెనకబడుతుందని, దాన్ని ఎల్‌కేజీలో వేసిన నాడే తెలుగు మానేశాడు. అమ్మతో తెలుగు, భార్యతో తెలుగు, కూతురితో మాత్రం తమిళం. తను ఇంట్లో లేని వేళ అది అవ్వతో ఏ మాట మాట్లాడుతుందో పట్టించుకున్నదే లేదు. ఆపైన ప్రతి పెళ్లిలోనూ, మన పిల్లలకు మన మాట రాకుండా పోయిందని అందరికంటే ముందు వాపోయేది తనే. అతనికి సిగ్గేసింది. ఇన్నేళ్లు ఈ గొంతు వినకుండా పోయానే అనుకున్నాడు.

పక్కన గొంతుక్కూర్చున్నాడు. కూతురితో తెలుగులో ఏం మాట్లాడాలో తోచలేదు. ఎదిగిన పిల్లతో కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు నాలుక తడబడింది.

"పాపా, బడి నించి వచ్చి ఏమన్నా తింటివా?"

యువరాణి చేతులు ఆగాయి. తండ్రి ముఖంలోకి చూసింది.

"లేదప్పా" అంది. "ఆకలేస్తా ఉండాది."