మూడో పొట్లం

రెండింటికి సభ. ఒంటిగంటన్నర దాటింది. అక్క బెంచీ ఇంకా పోలీస్ స్టేషన్ వరండాలోనే ఉంది.

నిజానికి అది నా టైలరు షాపు బెంచీ. ఇరవై ఆరేళ్ళ క్రితం మా వీధివాడొకడు ఈ లాకప్‌లో చనిపోయాడు. మర్నాడే అక్క దాన్ని తోపుడుబండి మీద తెచ్చి ఇక్కడ వేసింది. అప్పట్నుంచి రోజూ వచ్చి కూర్చునేది. "లోపల ఎంతమంది?" అని అడిగేది. చెప్పిన లెక్క నోటుపుస్తకంలో రాసి, టైము వేసి, స్టేషన్ రైటరు చేత సంతకం పెట్టించుకునేది. అంతే. ఇన్నేళ్ళలో ఇక్కణ్ణుంచి ఇంకో శవం లేవలేదు. ఊరంతా ఆమెను బెంచీ అక్క అనేది.

నెలన్నర కిందట అక్క పోయింది. ఊళ్ళో కట్టిన కొత్త హాలుకు ఇవాళ ఆమె పేరు పెడుతున్నారు. బెంచీని, ఆ నోటుపుస్తకాన్ని అక్కడ అద్దాల గదిలో ఉంచుతారట. ఫొటోలనీ, ఆహ్వానపత్రాలనీ తిరిగి తిరిగి నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ బెంచీ ఒక్కటి అప్పజెప్పేస్తే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. నాకు కావలసిందల్లా అదే.

"తీసుకెళ్ళండి టైలరుగారూ, మీకు పుణ్యముంటుంది! మావాళ్ళు మోస్తారు," అని ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళను పిలిచాడు. అక్క మంచినీళ్ళు అడిగితే కుళాయి చెడిపోయిందన్న మనిషి.

బెంచీ చివర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. లాండ్రీలో పనిట, చేతులు సోడాకి పగిలిపోయాయి.

"లేమ్మా, బెంచీ వెళ్ళిపోతోంది," అన్నాడు కానిస్టేబుల్.

ఆమె నావైపు తిరిగింది. "మా తమ్ముణ్ణి నిన్న పొద్దున ఇక్కడికే తెచ్చారు బాబాయ్. ఫ్యాక్టరీలో జీతాల కోసం గొడవ చేశాడని. వీళ్ళేమో లేనే లేడంటున్నారు."

"లేడంటే లేడు," రైటరు తలెత్తకుండా రిజిస్టరు ఇటు తిప్పాడు. "లోపల ఇద్దరే. చూస్కో."

నేనూ చూశాను. రెండే పేర్లు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

బెంచీ లేచింది. మెట్లు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి హోటలు సైకిలు ఎదురైంది, బుట్ట నిండా భోజనం పొట్లాలతో. తెల్లదారం కట్టినవి స్టాఫుకి. ఎర్రదారం కట్టినవి లాకప్‌కి, వాటిలో కూర ఉండదు. ఇది అక్క చెప్పిన సంగతే. "ఒరేయ్ సూదీ, రిజిస్టరు అబద్ధమాడుతుందిరా, ఆకలి ఆడదు. దారాలు లెక్కపెట్టు," అనేది. "ఆ మాత్రానికి హోటల్లోనే చేరకపోయావా," అని ఎగతాళి చేసేవాణ్ణి.

దారం రంగు చూడటం నాకు నలభై ఏళ్ళ అలవాటు. నేను వద్దనుకున్నా కళ్ళు లెక్కపెట్టేశాయి.

ఎర్రదారాలు మూడు.

అప్పుడే వెనక జీపు స్టార్టయింది. తలమీద దుప్పటి కప్పి ఎవరినో ఎక్కిస్తున్నారు. ఈ స్టేషనుకు ఉన్నది ఒకటే గేటు.

"దించండి," అన్నాను.

"గేటు మధ్యలోనా?"

"నడుం పట్టేసింది నాయనా. ఒక్క నిమిషం."

దించారు, అడ్డంగా. నేను కూర్చున్నాను. అమ్మాయి పరుగున వచ్చి పక్కన కూర్చుంది. జీపు మా మోకాళ్ళకు బెత్తెడు దూరంలో ఆగి హారన్ కొట్టింది.

"లేవండి," ఇన్‌స్పెక్టరు గొంతు మారింది. "మీకు సభకి ఆలస్యమవుతోంది."

"లోపల ఎంతమంది?"

అక్క అడిగితే ఖంగుమనేది. నా గొంతు పీలగా వచ్చింది.

"ఇద్దరని చూశారుగా!"

"మూడు ఎర్రదారాలొచ్చాయి. మూడో పొట్లం ఎవరికి? కూర లేని భోజనం మీరు తింటున్నారా?"

ఒక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"అక్కా!" దుప్పటి కిందనుంచి కేక.

అమ్మాయి లేవబోయింది. చెయ్యి పట్టి ఆపాను. "లేస్తే బండి వెళ్ళిపోతుంది. కూర్చోవడమే మన పని."

రెండో చేత్తో, సభ జరిపిస్తున్న లాయరుకు ఫోన్ కలిపాను. ఆయన హాల్లో ఉన్నాడు. "బెంచీ ఏదయ్యా? కుర్చీలు నిండిపోయాయి!"

"బెంచీ రాదు, దానిమీద మనుషులున్నారు. మీరే రండి. ఇక్కడ ఒకణ్ణి దొంగచాటుగా తరలిస్తున్నారు. మైకులో చెప్పండి."

ఇరవై నిమిషాలు. హారన్. బెదిరింపులు. నెత్తిన ఎండ. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. కదిలితే లేచాననుకుంటారని భయం.

అప్పుడు వీధి మలుపులో లాయరు కనిపించాడు. వెనక జనం, తెచ్చిన పూలదండలు చేతుల్లోనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వాళ్ళను లెక్కపెడుతూ యాభై దగ్గర మానేశాడు. జీపు వెనక్కి వెళ్ళింది. రైటరు రిజిస్టరు తెరిచి మూడో పేరు రాశాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తామన్నాడు.

లాయరు సంచిలోంచి అక్క నోటుపుస్తకం తీశాడు. అద్దాల గదిలోంచి తెచ్చాడట. అందులో 'ముగ్గురు' అని రాసి, టైము వేసి, రైటరు చేత సంతకం పెట్టించాను.

"ఇక బెంచీ హాలుకు పంపుదామా?" అన్నాడు లాయరు.

"రేపు ఇక్కడ ఎవరుంటారు బాబాయ్?" అంది అమ్మాయి.

ఇంటికెళ్ళి పడుకోవాలని ఒళ్ళంతా మొరపెడుతోంది. షాపులో ఇంకా కుట్టాల్సిన బొత్తాలు వంద ఉన్నాయి.

"మళ్ళీ వరండాలోకి మోయండి నాయనా," అన్నాను కానిస్టేబుళ్ళతో. "గోడవారగా వద్దు, వెలుతురు పడేచోట వెయ్యండి. సూదిలోకి దారం ఎక్కించుకోవాలి."