హాట్ ప్రెస్‌లో ఉడుతపిల్ల

నేను డబ్బింగ్ చెప్పేది హాట్ ప్రెస్‌లో కూర్చుని. ఐర్లండ్‌లో అల్మారాను ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు పెట్టి, ఆ వెచ్చదనానికి తువ్వాళ్లూ దుప్పట్లూ సర్దుకునే అల్మారా హాట్ ప్రెస్. టాలా అనే ఊళ్లో మేముండే అద్దె ఇంటికి ఉన్న ఒకే ఒక్క మంచి గుణం, అందులో నేనూ, మైకూ, ఒక చిన్న స్టూలూ పట్టడం. చుట్టూ తువ్వాళ్లే కాబట్టి బయటి చప్పుడు లోపలికి రాదు. కానీ ఇంట్లో ఎవరు వేడినీళ్ల కుళాయి తిప్పినా నా వీపు వెనక ట్యాంకు గుడగుడమంటుంది. అందుకే తలుపు పిడికి ఎర్ర చున్నీ కట్టి ఉన్నంతసేపూ ఎవరూ కుళాయి ముట్టుకోకూడదు. అది మా ఇంటి రాజ్యాంగం.

నేను గొంతిచ్చేది చిట్టి అనే ఉడుతపిల్లకి. స్పెయిన్ వాళ్ల కార్టూన్ అది. హెడ్‌ఫోన్లలో ఎవరో ఆవిడ స్పానిష్‌లో అరుస్తుంటుంది, ఉడుత నోరు కదిలినంతసేపట్లోనే నేను తెలుగులో అరవాలి. హైదరాబాద్‌లో ఉన్నప్పటినుంచీ అల్లరి మగపిల్లల గొంతులన్నీ నావే. ఇక్కడికొచ్చినా వదల్లేదు.

నిరుడు గొంతు బొంగురుపోయింది. లోపల చిన్న కాయ ఉందన్నారు, తీసేశారు, పరీక్ష చేసి ప్రమాదమేమీ లేదన్నారు. ‘‘యూ ఆర్ గ్రాండ్’’ అంది నర్సు. బాగానే ఉందనడానికి ఇక్కడి మాట అది. ఈ దేశంలో కాలు విరిగినా గ్రాండే, వారంపాటు వాన కురిసినా గ్రాండే. ప్రాణం గ్రాండే, సరే, మరి చిట్టి సంగతేమిటి? కూరగాయలు బేరమాడే గొంతు తిరిగొచ్చింది. చిట్టి గొంతు మాత్రం పైకెత్తగానే చీలిపోయేది. నెలల తరబడి ప్రయత్నించాను, ఏడ్చాను, మానేశాను. మా ఆయన తేజేశ్వర్ ఒక్కసారైనా ‘వచ్చిందా’ అని అడిగిన పాపాన పోలేదు. ఈ మనిషికి పట్టనే పట్టదా అని ఒళ్లు మండిపోయేది.

ఇంతలో ఆ కార్టూన్ కొత్త సీజన్ వచ్చింది. స్టూడియో నడిపే మధుసూదన్ గారు ఫోన్ చేశారు.

‘‘అమ్మా సులోచనా, శనివారం ఒక్క సీను చెప్పి చూడు. కుదిరిందా, చిట్టి నీదే. లేకపోతే ఏమీ అనుకోకు, ఇక్కడ ఒకమ్మాయిని చూసి పెట్టాం.’’

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటారండీ మనుషులు?

శనివారం చున్నీ కట్టి లోపల కూర్చున్నాను. అటు హైదరాబాద్‌లో సౌండ్ చూసే నితీష్ లైన్లో ఉన్నాడు. దాచుకున్న గింజలన్నీ నేస్తం ఎలుగుబంటి తినేస్తే చిట్టి వాణ్ని తిట్టిపోసి ఏడవాలి. మొదటిసారి గొంతు చీలింది. రెండోసారీ చీలింది.

‘‘పర్లేదక్కా, కాసిని నీళ్లు తాగండి’’ అన్నాడు నితీష్.

నా పని అయిపోయిందని ఆ మర్యాదతోనే తెలిసిపోయింది. ఇదివరకు ‘ఏం చెప్తున్నావక్కా అసలు’ అని పోట్లాడేవాడు.

మూడోసారి ఊపిరి పీల్చుకున్నానో లేదో, వెనక ట్యాంకు గుడగుడమంది. ఇంకెవరు, మా ఆయనే. పొద్దున్నే పరుగుకెళ్లి, వానలో ముద్దయి వచ్చి, చున్నీ వంక చూడకుండా షవర్ విప్పినట్టున్నారు. నాకు తిక్క నషాళానికెక్కింది.

‘‘ఒరేయ్ మొద్దూ, ఇప్పుడే గుర్తొచ్చిందా నీకు స్నానం? నీకసలు బుర్రుందా, అదీ తినేశావా?’’

ట్యాంకు ఠక్కున ఆగిపోయింది. అప్పుడు తట్టింది నాకు. గొంతు చీలలేదు. తిట్టింది నేను కాదు, చిట్టి.

‘‘అక్కా, కదలకు’’ అన్నాడు నితీష్ మెల్లిగా. ‘‘దాన్నే పట్టుకో. సీను వేస్తున్నా.’’

పట్టుకున్నాను. సీనంతా ఒక్క ఊపులో చెప్పేశాను. చివర్లో చిట్టి ఏడవాల్సిన చోట నేనూ ఏడ్చాను.

‘‘సార్‌కి చెప్పేస్తా, ఆ అమ్మాయిని రావద్దనమని’’ అన్నాడు నితీష్. ‘‘ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావక్కా?’’

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. తలుపు తీశాను. ఎదురుగా మా ఆయన, తడి నిక్కరుతో, తల నిండా నురగతో, గజగజ వణుకుతూ. తువ్వాళ్లన్నీ నా దగ్గరే ఉన్నాయి కదా.

‘‘ఎప్పట్నుంచి నిలబడ్డారు?’’

‘‘నువ్వు తిట్టినప్పట్నుంచి’’ అన్నారు. ‘‘‘వచ్చిందా’ అని రోజూ అడుగుదామనే అనుకునేవాణ్ని. రాలేదంటావేమోనని భయమేసి ఊరుకున్నా.’’

ఇన్నాళ్లూ ఈయన్ని మనసులో ఎన్నెన్ని మాటలన్నానో. పైగా ఇప్పుడేమో నోటితోనే. పెళ్లయినప్పటినుంచీ ‘ఏవండీ’ తప్ప ఇంకో పిలుపెరగని దాన్ని. నాలుక కరుచుకున్నాను.

‘‘పొరపాటున ఒరేయ్ అనేశానండీ.’’

‘‘ఇంకొక్కసారి అనవే’’ అన్నారాయన. కళ్లలో నీళ్లు షాంపూ వల్లేనట.

పైనున్న తువ్వాలు తీసి ఆయన తలమీద వేశాను.

‘‘ఒరేయ్, తల తుడుచుకో’’ అన్నాను, చిట్టి గొంతుతో.