మైనంలో ముక్క

పల్లంరాజు చక్రం తిప్పుతున్నాడు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పొదిగిన బ్లాకు తిప్పు తిప్పుకీ కత్తికి తగిలి, అంచున పల్చటి మైనపు రిబ్బను సాగి వస్తోంది. దాన్ని కుంచెతో ఎత్తి గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే ముడతలు విప్పుకుని పరుచుకుంటుంది. అప్పుడు అడుగునుంచి గాజు పలకతో అందుకోవాలి. రాజమండ్రిలోని ఆ కేన్సర్ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. కుంచె పట్టీ పట్టీ బొటనవేలు వంకర తిరిగింది. ఆ వేలిని మెచ్చుకున్నవాళ్ళు లేరు.

మెప్పంతా దేవిశ్రీది. వచ్చి ఎనిమిది నెలలు కాలేదు. పల్లంరాజు కోసిచ్చిన పొరకే రంగు పట్టిస్తుంది. నోటి లోపలి పొరలో ఏ జన్యువు పలకాలో, ఏది మూగగా ఉండాలో పెత్తనం చేసే జన్యువొకటుంది, పి63 అని. అది తయారుచేసే ప్రొటీన్‌కి రంగు పట్టిస్తే, మామూలు పొరలో గోధుమ చుక్కలు అడుగు వరసల్లోనే కనబడతాయి. కేన్సర్ వైపు నడిచే పొరలో పైపైకి పాకుతాయి. ఆ పాకడం చూసి డాక్టర్ వీరవేణిగారు "ఎంత బాగా తెచ్చావమ్మా!" అంటారు. కోసినవాడి ఊసుండదు. సొమ్మొకడిది, సోకొకడిది. పల్లంరాజుకి కడుపు మండిపోతుంది. మండదా మరి?

ఆ ఉదయం డాక్టరుగారు మరిడమ్మ బ్లాకు ఇచ్చారు. నరసాపురం వైపు చేపలమ్ముకునే మనిషి, అంగిట్లో పుండు.

"మొదటి స్లైడుతో ఎటూ తేలట్లేదండీ. దేవిశ్రీకి నాలుగు పొరలు కోసివ్వండి."

"అలాగేనండీ."

ఒకసారి కోసిన బ్లాకును మళ్ళీ బిగించేటప్పుడు, పాత కోతకు కత్తి సమంగా ఆనేలా సరిచేసుకోవాలి. లేకపోతే ఏటవాలుగా తెగి ముక్క వృథా అవుతుంది. పల్లంరాజుకి తెలియక కాదు. కావాలనే వదిలేశాడు. చిరుగు పొరలిస్తే ఆ పిల్ల రంగు చెడుతుంది. తరవాత తాను మంచివి కోసి చూపిస్తే ఎవరి చెయ్యి గొప్పదో డాక్టరుగారికి తెలిసొస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాడు. మినపబద్దంత ముక్క, తాననుకున్నంత లోతు లేదు. పది తిప్పులకే రిబ్బను తెల్లగా రాసాగింది. ఉత్త మైనం.

ముక్క అయిపోయింది. దేవిశ్రీ వచ్చి బ్లాకును వెలుతురులో చూసింది. ఆ ఏటవాలు ఆమెకు కనబడకపోదు. అయినా డాక్టరుగారితో, "ముక్కే చాలా చిన్నదండీ. పల్లంరాజుగారి తప్పేం లేదు" అంది.

అతను సంతోషించాలి. మంచితనంలో కూడా ఈ పిల్లదే పైచెయ్యా అని కుళ్ళిపోయాడు.

"ఆవిడ రిపోర్టు కోసం కిందే కూర్చుంది. మళ్ళీ చిన్న ముక్క తియ్యాలని మీరే చెప్పండి" అన్నారు డాక్టరుగారు.

మరిడమ్మ బయట మెట్ల మీద, నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తోంది. అడ్డపొగ, అంగిట్లో పుండ్లు పుట్టించే అలవాటు. పల్లంరాజు తల్లి కూడా అలాగే కాల్చేది. అతను విషయం చెప్పాడు.

"మళ్ళీ కోత్తారా బాబూ? అప్పుడు కోసిందానికే పది రోజులు గెంజి తాగాను. ఆ ముక్కేం చేశారేంటి?"

నేనే పాడుచేశానమ్మా అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఒప్పుకుంటే పైనున్న ఆ పిల్ల గెలిచినట్టే.

"అందులో ఏమీ తేలలేదమ్మా" అన్నాడు.

"ఏమీ లేదన్నమాట!" మరిడమ్మ మొహం విప్పారింది. "చల్లని మాట చెప్పావు నాయనా. బండి టైమైంది, వత్తాను."

"అది కాదమ్మా..." అంటూ రెండు మెట్లు దిగాడు. ఆమె అప్పటికే ఆటో ఎక్కేసింది.

మెట్టు మీద సగం చుట్ట మిగిలింది. కాలిన కొసే ఉమ్మితో తడిసి ఉంది. అందులోంచి ఇంకా సన్నగా పొగ లేస్తోంది.